నీళ్ళ కింద కొన్న నావ

నావ కొనబోయేవాళ్ళు నావను చూసి కొంటారు. మేము నీళ్ళను చూసి కొన్నాం. ఈ మాట ఊళ్ళో పొక్కినప్పటి నుంచి, ఎవరు బర్రెను కొనడానికి అంగడికి పోతున్నా దారిలో నన్ను ఆపి "బర్రెను చూడాల్నా, గడ్డిని చూస్తే చాల్నా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పలేక, జరిగింది జరిగినట్టు రాసిపెడదామని కూర్చున్నాను. సిరొంచ దిక్కు ఎన్నడూ పోనివాళ్ళకు ఆ దేశం కొంత తెలిసినట్టు కూడా ఉంటుంది. పోయి రండి, మంచి చోటే. నావ కొనడానికి మాత్రం పోకండి.

ఈవలి ఒడ్డు

మా అక్కను ఇచ్చింది ప్రాణహితకు పడమటి ఒడ్డున ఉన్న చిన్న ఊరికి. ఇటు ఆంధ్రప్రదేశ్, అటు మహారాష్ట్ర, నడుమ నది. ఎండకాలం అది మోకాలి లోతున, ఇసుక దిబ్బలను తప్పించుకుంటూ, ఎవరికో భయపడుతున్నట్టు పారుతుంది. వానకాలం దాన్ని చూసి మనం భయపడాలి.

బావ రాజలింగు నావ నడుపుతాడు. మనుషులను, మక్కజొన్నను, మేకలను సిరొంచ అంగడికి దాటించడం ఆయన పని. ఆ నావ వెడల్పుగా, బల్లపరుపుగా, బర్రె నీళ్ళలో పడుకున్నట్టు ఉంటుంది. నడకా బర్రెదే. వరద మీద దాన్ని వదిలితే సిరొంచ ఒడ్డు కళ్ళ ముందే దాటిపోతుంది. గోదావరి కలిసే చోటు దాకా కొట్టుకుపోయి, అక్కడ ఎట్లాగో ఒడ్డు పట్టుకొని, తాళ్ళతో వెనక్కి గుంజుకుంటూ రావాలి. సగం పొద్దు దానికే సరిపోతుంది. మేకలకు దీనితో ఏ ఇబ్బందీ లేదు.

పోయిన వానకాలం అక్కకు నొప్పులు మొదలైనప్పుడు ఆ నావే దిక్కయింది. దానికి అలవాటైనట్టే సగం పొద్దు పట్టింది. సిరొంచ దవాఖాన మెట్లు ఎక్కేసరికి బిడ్డ లేదు.

దీని గురించి మా ఇంట్లో ఇంతకంటే ఎవరూ మాట్లాడలేదు. బావ ఇంత కూడా మాట్లాడలేదు. ఆయనకు వేగం పిచ్చి పట్టింది, అంతే. బస్సెక్కితే సీటు ఖాళీగా ఉన్నా డ్రైవర్ పక్కన నిలబడతాడు. ఎద్దుల బండి ఎదురైతే జాలిగా చూస్తాడు. నడిచేటప్పుడు కూడా ఎవరో వెనక తరుముతున్నట్టు పోతాడు. పక్కన పోతూ మాట్లాడాలంటే నాకు ఆయాసం.

ఇప్పుడు అక్కకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. శ్రావణంలో అంటున్నారు. శ్రావణంలో నది ఏ తీరుగా ఉంటుందో చెప్పేవాళ్ళు ఎవరూ అక్కరలేదు.

నావ మారుస్తానని బావ అన్నాడు. అక్క చాటతో చెరగడం ఆపలేదు. "ఏ నావన్న తెచ్చుకో. నేనెక్కితే గద," అంది. పోయినేటి నుంచి అక్క నది దిక్కు ముఖం తిప్పలేదు. నీళ్ళకు కూడా నదిని వదిలి ఊరి ఆవలి బోరింగు దాకా పోతుంది.

సిరొంచలో ఒక పాత పందెపు నావ ఉందనీ, ఒకప్పుడు గోదావరి మీద దాన్ని మించింది లేదనీ, చేపలమ్మే మనిషి ఎవరో బావ చెవిన వేశాడు. ఆ రాత్రి బావ అన్నం తినేటప్పుడు కూడా తొందరపడ్డాడు. నేను డిగ్రీ పరీక్షలు రాసి, అక్క ఇంట్లో ఉండి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నట్టు నటిస్తున్న రోజులవి. తోడు రమ్మన్నాడు. వానలు తెచ్చే మిరుగు కార్తె ఇంకా రాలేదు. నది ఇంకా మోకాలి లోతే, నడిచే దాటాం.

సిరొంచ

సిరొంచలో మాట తెలుగు, రాత మరాఠీ, కోపం హిందీ. దుకాణం బోర్డు చదవలేక నేను తడబడుతుంటే లోపలి నుంచి "ఏం గావాలె తమ్మీ" అని మన మాటే వచ్చింది. చక్కెర లేదంటే చాలు, కొనేవాడు హిందీలోకి దిగాడు. మంచిర్యాలలో అర్ధ రూపాయి చాయ్ ఇక్కడ ముప్పావలా. దేశం మారితే కొంత తేడా ఉండాలి కదా అని తాగాం.

పొద్దున అందరూ తినేది పోహా. అంటే మన అటుకులే. మా దగ్గర వాటిని జ్వరం వచ్చినవాడికి పెడతారు. ఇక్కడ శనగలు వేసిన ఎర్రటి కారపు రసం పోసి, జ్వరం తెప్పించేలా పెడతారు. ఆ రసాన్ని తర్రి అంటారు. నేను రెండు ప్లేట్లు తిన్నాను. బావ నిలబడి తిన్నాడు.

నావ ఆసామి పేరు సమ్మయ్య. అరవై దాటి ఉంటాయి. నది ఒడ్డున రాతి మీద కూర్చొని వల కుట్టుకుంటున్నాడు.

"నావ చూద్దామని వచ్చినం కాక," అన్నాడు బావ.

"సూడున్రి."

ఇద్దరం అటూ ఇటూ చూశాం. ఒక కుక్క ఉంది. ఆరేసిన వల ఉంది.

"యాడుంది కాక?"

"గదే గద," అని ఆయన గడ్డంతో మడుగు దిక్కు చూపించాడు.

మడుగులో నీళ్ళున్నాయి. పచ్చగా, మందంగా, నిండుగా ఉన్నాయి. ఒక్క నావ మాత్రం లేదు. ఎండ దెబ్బ తగిలిందేమోనని నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నన్ను అదే అనుమానంతో చూశాడు.

"పందెపు నావ, ఒక్కటే టేకు మొద్దు తొలిచి చేసింది," అన్నాడు సమ్మయ్య. "ఒడ్డు మీదుంటె ఎండకు పగిలి రెండైతది. నీళ్ళల్ల పండవెడితె కట్టెకు చావు లేదు. ముగ్గురం ఆడినం దాంట్ల. నేను, అంకిస ఎల్లయ్య, అహేరికి పోయిన బక్కన్న. మా పని అయిపోయిననాడు ముగ్గురం మూడు రాళ్ళెత్తి ముంచినం. పేరు బుడుబుంగ."

బుడుబుంగ అంటే మడుగుల్లో బుడుక్కున మునిగి ఎక్కడో తేలే చిన్న పిట్ట. ఈ పిట్ట మునిగి ఆరేళ్ళయిందట. ఎక్కడా తేలలేదు.

"అమ్ముతవా కాక?" అన్నాడు బావ. నావను చూడలేదన్న సంగతి ఆయనకు గుర్తే లేదు.

"అమ్మొచ్చు. షర్తులున్నయి. ఎవని రాయి వాడే తియ్యాలె. ఇంకోని చెయ్యి వడితె గా నావ మనిషిని మింగుతది. ఎల్లయ్య సచ్చిండు, పెండ్లాం ఉంది, అడుగున్రి. బక్కన్న బతికే ఉన్నడట, నాకెందుకు వాని ముచ్చట. ఇగ రెండోది." ఆయన సూది ఆపాడు. "పందెపు నావ. ఆడమనిషి ముట్టద్దు, కాలు వెట్టద్దు. పెడితె దాని ఉరుకుడు పోతది. గంతే."

బావ తల ఊపాడు. "గంతే కాక. ఆడోళ్ళెక్కరు. మక్కలు, మేకలు."

ఆడమేకల సంగతేమిటని అడగబోయాను. బావ నా కాలు తొక్కాడు. చెప్పు తెగింది. ఈ ప్రయాణంలో మాకు జరిగిన మొదటి నష్టం అది.

ధర సంగతి రాయను. బావ బేరమాడలేదని మాత్రం రాస్తాను. కనబడని నావకు అడిగినంత ఒప్పుకున్న మనిషి మా రెండు రాష్ట్రాల్లో ఇంకొకరు ఉండరు. సమ్మయ్యకే చిన్నతనమనిపించి తానే కొంత తగ్గించాడు.

అంకిస

అంకిసకు ఎర్ర బస్సులో పోయాం. కండక్టర్ "పుఢే సరకా, పుఢే సరకా" అని ముందుకు జరగమంటాడు. ముందు జరగడానికి డ్రైవర్ ఒళ్ళే మిగిలింది. బావ అప్పటికే అక్కడ ఉన్నాడు. నా ఒళ్ళో ఎవరిదో సంచి, సంచిలో కోడి. దిగేదాకా అది నన్ను, నేను దాన్ని, ఎవరికి ఎక్కువ కష్టంగా ఉందో అన్నట్టు చూసుకున్నాం.

ఎల్లయ్య భార్య రాజుబాయి ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తున్నది. బక్కపలచని మనిషి. మాట మాత్రం బలం. వచ్చిన పని చెప్పగానే నవ్వింది.

"గా బుడుబుంగనా? నా మొగడు దానికి తాళి ఒక్కటి కట్టలె గని, అన్ని చేసిండు. నా నెత్తికి లేని నూనె దాని ఒంటికి రాసిండు. ఇంట్ల పొయ్యి వెలగకున్నా దాని పగుళ్ళకు గుగ్గిలం కొంటుండె. కూసోన్రి, గట్క తినున్రి."

జొన్న రవ్వ ఉడికించిన గట్క, పుల్లటి పుంటికూరలో వేసి వండిన ఎండుచేపలు. మా ఊళ్ళో ఎండుచేపలను దొంగతనం చేసినట్టు తలుపులు మూసి వండుతారు. అంకిసలో వీధికి వాసన రాకపోతే ఆ ఇంట్లో ఎవరికో బాగాలేదని పలకరించడానికి వస్తారట. నేను మూడుసార్లు వేయించుకున్నాను. మూడోసారి ఆమె గిన్నె నా ముందే పెట్టి పోయింది.

"ఎల్లన్న రాయి ఎవలు తియ్యాలె అత్తా?" అన్నాడు బావ.

"ఎవలేంది? ఆయన పోయినంక పొలమెవలు దున్నిచ్చిండ్రు? నేనే. వలెవలు బాగుచేసిండ్రు? నేనే. రాయి మాత్రం పక్కింటోడు తీస్తడా?"

బావ నా దిక్కు చూశాడు. నేను గట్క దిక్కు చూశాను. చివరికి నేనే అన్నాను: "ఆడోళ్ళు ముట్టద్దంటున్నడు అత్తా, సమ్మన్న."

"అంటడు. ముప్పై ఏండ్ల సంది అంటుండు," అని ఆమె చేపలను అటు నుంచి ఇటు తిప్పింది. "నువ్వేం చెప్పకు. నేనొచ్చి చెప్త. అహేరోన్ని పట్టుకరాన్రి ముందు. గాడు శాన మొండి."

ఇంత సేపూ మేము మాట్లాడింది మొండిది కాని మనిషితోనా అని నాకు అనుమానం వచ్చింది.

అహేరి

సిరొంచ నుంచి అహేరికి దారంతా అడవి. టేకు చెట్లు ఆకులు రాల్చి, ఎవరో కాళ్ళు చేతులు వరుసగా పాతినట్టు నిలబడి ఉన్నాయి. నడుమ బస్సు ఆగిపోయింది. అందరూ దిగి నెట్టాం. దగ్గరి గోండు ఊరి నుంచి ఇప్పగింజల గంపతో బస్సుకోసం వచ్చిన ముసలామె గంప దించి, చెట్టు కింద కూర్చొని మమ్మల్ని చూస్తూ చుట్ట కాల్చుకున్నది. ఆమె బస్సు ఎట్లాగూ వచ్చింది కాబట్టి తొందరేమీ లేదు. బావ ఒక్కడే పది మంది బలంతో నెట్టాడు. బస్సు కదిలాక కూడా నెడుతూనే పోయాడు. కండక్టర్ పట్టుకొని ఎక్కించాల్సి వచ్చింది.

అహేరి పెద్ద ఊరు. కచేరీలున్నాయి, బళ్ళున్నాయి, ఒక గదిలో రెండు రూపాయలకు వీడియో చూపిస్తున్నారు. బస్టాండు పక్కన చెట్టు కింద నా చెప్పు కుట్టించుకున్నాను. కుట్టిన ఆయన నా కాలిని, చెప్పును మార్చి మార్చి చూసి, తొక్కింది ఎవరని అడిగాడు. బావను చూపించాను. తల పంకించాడు, మరాఠీలో ఏదో అన్నాడు. అర్థం కాకపోయినా బావను తిట్టినట్టే వినబడింది కాబట్టి ఒక పావలా ఎక్కువిచ్చాను.

బక్కన్నకు బస్టాండు ముందు పోహా బండి ఉంది. పేరుకే బక్కన్న. బండికి ఇటు పక్క ఆయన కనబడితే అటు పక్క ఎవరూ కనబడరు. సమ్మయ్య పేరు వినగానే గరిటె గిన్నెలో పడేశాడు.

"గా మనిషి పేరెత్తద్దు నా బండికాడ. ఆఖరి పందెంల కొంగ మెడంత దూరంల ఓడినం. ఎందుకు? చుక్కాని పట్టుకొని ఒడ్డుమీదోళ్ళను సూసుకుంట నవ్వుతుండె. నేను ముందల గూసుండి చేతులిరగ తెడ్డేస్తున్న!"

సమ్మయ్య తర్వాత చెప్పిన ప్రకారం బక్కన్నే తెడ్డు ఆపి మీసం తుడుచుకున్నాడు. ఎల్లయ్య బతికి ఉంటే ఇద్దరూ చేసింది నిజమేనని చెప్పి ఉండేవాడని నా అనుమానం.

"ఇంతకు ఎందుకు నీకు బుడుబుంగ?" అన్నాడు బక్కన్న.

"మక్కలకు," అన్నాడు బావ. "మేకలకు."

"మేకలకా!" బండి చుట్టూ తింటున్నవాళ్ళు తిరిగి చూశారు. "గుర్రాన్ని గానుగకు గడతవా? పో. నా రాయి నీళ్ళల్లనే ఉండని."

బావ కదల్లేదు. ఈ ప్రయాణంలో ఆయన కదలకుండా నిలబడింది నేను చూడటం అప్పుడే. చేతిలో ప్లేటు ఉంది. తర్రి ప్లేటు అంచు మీదుగా మణికట్టు మీదికి కారుతున్నది. తుడుచుకోలేదు.

"పోయిన వానకాలం నా పెండ్లాంను దవాఖానకు తెస్తుంటె నావ కొట్టుకపోయింది," అన్నాడు. "ఒడ్డు కనవడుతనే ఉంది. దగ్గరికి రాలె. పిల్ల పోయింది. శ్రావణంల మల్ల కాన్పున్నది."

అప్పటిదాకా పిల్లో పిల్లగాడో కూడా మా ఇంట్లో ఎవరూ అనలేదు. అహేరి బస్టాండులో, ఎవరో తెలియని మనిషి ముందు, నాకు మేనకోడలు ఉండేదని తెలిసింది. ప్లేటులో మిగిలిన పోహా వైపు చూస్తూ ఉన్నాను.

బక్కన్న పొయ్యిలో నీళ్ళు చల్లాడు. గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టాడు. బండి మీద గోనె కప్పాడు. మా పోహాకు పైసలు మాత్రం మరచిపోకుండా తీసుకున్నాడు.

"ఆడోళ్ళెక్కద్దని సమ్మయ్య షర్తు ఉంది," అన్నాను బస్టాండులో.

"ఉంది," అన్నాడు బక్కన్న చెవి గోక్కుంటూ. "గా షర్తు ఎవలు పుట్టించిండ్రనుకున్నవ్? నేనే. ఎల్లయ్య పెండ్లాం రోజు వచ్చి నావల గూసుండి, ఇంటికొస్తవా రావా అని లొల్లి వెడుతుండె. మేము పందేనికి తయారైతున్నం. ఆడోళ్ళు కాలువెడితె నావ ఉరుకుడు పోతదని మా తాత చెప్పిండని ఒక మాటిడిసిన. నా తాతకు నావే లేదు. సమ్మయ్య గా మాటను దేవుని మాట జేసుకున్నడు."

మళ్ళీ సిరొంచ

మడుగు ఒడ్డున ముగ్గురూ కలిశారు. కలిశారు అనడం నా మర్యాద. సమ్మయ్య ఈ రాతి మీద తూర్పుకు, బక్కన్న ఆ రాతి మీద పడమటికి కూర్చున్నారు. ఇద్దరి నడుమ నన్ను నిలబెట్టారు.

"ఆయనకు చెప్పు, ముందు నా రాయి తీస్తనని."

"ఆయనకు చెప్పు, పెద్ద రాయి నాది, ముందు నేనని."

తెలుగు నుంచి తెలుగులోకి చెప్పే పని నాకు అదే మొదటిసారి. డిగ్రీ లేకున్నా చేయొచ్చు.

ఈలోగా, కబురందుకొని అంకిస నుంచి వచ్చిన రాజుబాయి చీర కుచ్చెళ్ళు దోపుకొని నీళ్ళలోకి నడిచింది. సమ్మయ్య లేచి నిలబడ్డాడు.

"ఏయ్ ఆగు! ఆడమనిషి ముట్టద్దు!"

"సరే ముట్ట. మీ దోస్తును పిలువు, వచ్చి తీసుకుంటడు," అంది ఆమె నడుం లోతులో నిలబడి. "రాకుంటె నేనే. ఎవని రాయి వాడే తియ్యాలన్నది నువ్వే గద? ఎల్లయ్య రాయి నాది. నేను ముట్టకుంటె నీ నావ లేవది. లేవకుంటె రెండో షర్తు ఎవలకు వెడతవ్, చాపలకా?"

నేను రెండు వైపులా చూశాను. ఈ మాటను చేరవేయాల్సిన అవసరం కనబడలేదు.

బక్కన్న గొంతు సవరించుకున్నాడు. "ఆయనకు చెప్పు, గా రెండో షర్తు నేనే పుట్టించిన అని. లొల్లి వడలేక."

"ఆయనకు చెప్పు," అన్నాడు సమ్మయ్య, "గది నాకు ఎరుకే అని."

బక్కన్న మొదటిసారి ఆయన దిక్కు తిరిగాడు. "ఎరుకేనా? మరిన్నేండ్లు ఎందుకన్నవ్?"

"షర్తు లేకుంటె నావకు ఇజ్జత్ యాడుంటది? ఉత్త మొద్దు!"

అప్పుడు బావ ముందుకు వచ్చాడు. ముఖం మట్టి రంగులో ఉంది. "కాక, నేను అబద్ధం చెప్పిన. మేకలకు గాదు. నా పెండ్లాంకు."

సమ్మయ్య అంగీ గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"గది గూడ ఎరుకే బిడ్డా. నేను పొద్దుమాపు ఒడ్డు మీద గూసునేటోన్ని. పోయిన వానకాలం మీ నావకు తాడేసి గుంజిన నలుగురిల నేనొకన్ని. నువ్వు మా మొఖాలు సూడలె. ఆమెనే సూస్తున్నవ్." ఆయన అంగీ విప్పి రాతి మీద పెట్టాడు. "నువ్వు చెప్తవా లేదా అని సూసిన. అబద్ధం మీద నావ నడవది."

ఇక్కడ ఎవరైనా కళ్ళు తుడుచుకుని ఉంటే నాకు రాసుకోవడానికి బాగుండేది. నీళ్ళలోంచి రాజుబాయి అంది: "మొగోళ్ళ మాటలు అయినంక రాయి యాడుందో చెప్పున్రి. నాకు సలివెడుతుంది."

ముగ్గురూ మునిగారు. ఎవరి రాయి వాళ్ళు తీశారు. బక్కన్న మునిగినప్పుడు మడుగు నీళ్ళు ఒడ్డు దాకా వచ్చి సమ్మయ్య అంగీని తడిపాయి. దాని మీద మళ్ళీ కొంత లొల్లి నడిచింది. అయితే ఈసారి నా అవసరం లేకుండా, నేరుగానే.

కొంత సేపు ఏమీ కాలేదు. తర్వాత నీళ్ళు మెల్లగా నల్లబడ్డాయి. ఆ నలుపే పొడుగ్గా సాగి, ముక్కు ముందు పైకి తేలి, మడుగు అడుగంతా ఒంటి మీద వేసుకొని బుడుబుంగ వచ్చింది. బురద, నాచు, పీతలు, లోపల ఒక పెద్ద వాలుగ చేప. వాలుగ ఎవరి వాటా అన్న విషయం షర్తుల్లో లేదు. కూర వండి ఐదుగురం తిన్నాం. సిరొంచలో తిన్న వాటిలో అదే అన్నిటికంటే బాగుంది, పైగా ఊరికే వచ్చింది.

కడిగి చూస్తే నావ ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే చుట్టాలైపోయేంత సన్నం. టేకు చెక్కుచెదరలేదు. నూనె, గుగ్గిలం పట్టించి నీళ్ళ మీద పెడితే, ఎవరూ ముట్టకుండానే పోవడానికి చూసింది. బావ ముఖం వెలిగింది. ఎక్కాడు. బుడుబుంగ ఆయన్ను ఒక్క లిప్త మోసి, మర్యాదగా పక్కకు ఒరిగి, నీళ్ళలో దించింది. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ దించింది. మూడోసారి నన్ను కూడా పిలిచాడు. ఇద్దరినీ దించింది.

బావ నడుం లోతు నీళ్ళలో నావ అంచు పట్టుకొని నిలబడ్డాడు. ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. "దీంట్ల ఆమెనెట్ల పండవెడత?" అన్నాడు. ఎవరితోనూ కాదు.

ముసలివాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకొని నవ్వారు. ఆరేళ్ళలో వాళ్ళు గొడవ లేకుండా కలిసి చేసిన మొదటి పని అది.

"బరువు లేకుంటె గంతే," అన్నాడు బక్కన్న. "ముగ్గురం గూసుంటె కుదురుతుండె. ఇగ మేమెక్కడొస్తం నీ తోని?"

రాజుబాయి అప్పటికే తన రాయి ఎత్తుకొని వచ్చింది. నావ నట్టనడుమ, అడుగున పెట్టింది. "ముంచినప్పుడు పనికొచ్చింది, నిలవెట్టేటప్పుడు పనికిరాదా?" అంది. మిగతా ఇద్దరూ తమ రాళ్ళు ముందొకటి వెనకొకటి పెట్టారు. చెదరకుండా తాటి తాడుతో బిగించారు. మీద వెదురు తడక పరిచారు. బావ నాలుగోసారి ఎక్కాడు. బుడుబుంగ కొంచెం ఆలోచించి, ఊరుకుంది.

"ఉరుకుడు జర తగ్గుతది," అన్నాడు సమ్మయ్య. "తగ్గినా, నీ బర్రె నావను పొద్దటికి రెండుసార్లు సుట్టొస్తది."

ప్రాణహిత మీద

గోదావరి మీద అంత పేరున్న నావలో ఇంటికి పోతున్నామన్న గర్వం సిరొంచ కనుమరుగయ్యే దాకా నిలిచింది. ఎదురు నీళ్ళు, అవీ మోకాలి లోతు. లోతున్న చోట బుడుబుంగ చాకులా పోయింది. బావ పళ్ళు బయటపెట్టి నవ్వాడు, నేను భయపడ్డాను. తర్వాత ఇసుక వచ్చింది. దిగి నెట్టాం. కొంత నీళ్ళు, ఎక్కాం. మళ్ళీ ఇసుక. పందెపు నావలో ప్రయాణం ఎక్కువగా నడకేనని ఎవరూ మాకు చెప్పలేదు. కుట్టించిన చెప్పును ఒక ఇసుక మడుగు మింగింది. పోతే పోయింది, పావలాతో సహా.

ఊరి రేవుకు చేరేసరికి పొద్దు వాలుతున్నది. అక్క రేవులో ఉంది. ఊరంతా రేవులో ఉంది కాబట్టి దాన్నొక విశేషంగా చెప్పడం లేదు. కాని అక్క నది ఒడ్డుకు రావడం పోయినేటి తర్వాత అదే మొదలు.

ఆమె నావ చుట్టూ నీళ్ళలోనే ఒకసారి తిరిగింది, అంగట్లో ఎద్దు చుట్టూ తిరిగినట్టు. తడక లేపి చూసింది.

"గీ రాళ్ళెందుకు?"

నేను చెప్పాను. సమ్మయ్య తాడు సంగతి, బక్కన్న పొయ్యిలో నీళ్ళు చల్లిన సంగతి, రాజుబాయి నడుం లోతులో నిలబడిన సంగతి. నడిమి రాయి ఎవరిదో చెప్పినప్పుడు అక్క దాని మీద చెయ్యి పెట్టింది.

"ఆమెనే వెట్టిందా?"

"తానే ఎత్తుకొచ్చి వెట్టింది."

అక్క తడక సర్దింది. బావ భుజం పట్టుకొని, ఒక కాలు, తర్వాత రెండో కాలు పెట్టి ఎక్కింది. నావ ఒకసారి ఊగింది. ఊరంతా ఊపిరి బిగబట్టింది. బావ రెండు చేతులతో అంచును ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఆ టేకు మొద్దుకు ఆరేళ్ళ ఆయుష్షు తగ్గి ఉంటుంది. నావ నిలబడింది. అక్క మెల్లగా వెనక్కి వాలి, తడక మీద పక్కకు తిరిగి పడుకున్నది.

"తియ్యు. ఎట్ల పోతదో చూద్దం," అంది.

బావ వెనక, నేను పక్కన నెట్టాం. గోదావరి మీద దాన్ని మించింది లేని నావ మోకాలి లోతు నీళ్ళలో, ఇసుకను గీరుకుంటూ బయల్దేరింది. చేపల కోసం తిరుగుతున్న ఒక కొంగ మమ్మల్ని దాటిపోయింది. ఎగిరి కాదు, నడిచి. బావకు ఇది అవమానమే కదా, గట్టిగా నెడతాడని నేను కూడా బలం పెట్టాను.

ఆయన నా చెయ్యి పట్టుకొని ఆపాడు. కళ్ళతో నావలోకి చూపించాడు. అక్క నోరు కొంచెం తెరుచుకొని ఉంది. చెయ్యి పొట్ట మీద ఉంది. ఎన్ని నెలల నిద్ర బాకీయో, ఊరంతా చూస్తుండగానే నిద్రపోతున్నది.

"మెల్లగ నూకు బామ్మర్దీ," అన్నాడు బావ. "తొందరేముంది, లేస్తది."